నెలవంక చెవి కుందేలు

ఆదోని బస్టాండు చుట్టుపక్కల యూసుఫ్ సాబ్‌ను దారి అడిగి బాగుపడ్డవాళ్ళు తక్కువ. ఈ మాట స్వానుభవంతో చెబుతున్నాను.

నేను పశువుల డాక్టర్ని. పేరు సంతోష్, మాది పత్తికొండ. మూడేళ్ళ కిందట ఒక ఎండాకాలం ఉదయం ఆదోనిలో బస్సు దిగాను. టీ బండి దగ్గర గళ్ళ లుంగీ, తెల్ల టోపీతో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. నాకు కొత్తగా పని ఇచ్చిన పరిశోధన సంస్థ పేరు పూర్తిగా ఇంగ్లీషులో చెప్పి, అది ఎక్కడుందని అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, చెయ్యి చాపి మరీ చెప్పాడు.

"సక్కగ పో అప్పా. మార్కెట్ యార్డు వస్తాది. యార్డు దాటినాక ఎడమచేతి పక్కన."

నేను సక్కగా పోయాను. పత్తి బోరాల మధ్య, ట్రాక్టర్ల మధ్య చొక్కా తడిసి ముద్దయ్యేదాకా తిరిగాను. అక్కడి హమాలీలను అడిగితే, నన్నెవరు పంపారో చెప్పకముందే కనిపెట్టి నవ్వారు. తిట్టుకుంటూ వెనక్కి వచ్చి చూస్తే నేను వెతుకుతున్న షెడ్డు ఆ టీ బండి వెనక సందులోనే ఉంది. తలుపు తీసింది ఆ లుంగీ, ఆ టోపీయే.

"రాండప్పా డాక్టరు సాబ్, పొద్దున్నుంచి మీ కోసమే సూస్తాండా," అన్నాడు, ఏమీ జరగనట్టు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తెలియకపోతే తెలీదని చెప్పొచ్చు కదా అని అడిగాను.

"మీరు కుందేళ్ళ షెడ్డు అనింటే సేయి పట్టుకొని తీసుకొస్తుంటి. మీరు ఏమేమో ఇంగిలీసు సెప్పితిరి. తెల్దంటే మీరు ఆడనే నిలబడి ఉంటిరి. పోయినారు కాబట్టి యార్డన్నా సూసినారు."

అదీ యూసుఫ్ సాబ్. ఆ మనిషి నోట 'తెలీదు' అనే మాట రాదు. ఆకలైతే ఓర్చుకుంటాడు, ఎవరైనా నాలుగు మాటలంటే ఓర్చుకుంటాడు, కానీ అడిగినదానికి జవాబు లేకుండా నిలబడడం మాత్రం ఆయన వల్ల కాదు. ఒకసారి కన్నడ లారీ డ్రైవరు ఒకడు సిరుగుప్పకు దారి అడిగితే పత్తికొండ దారి పట్టించాడు. అందరూ డ్రైవరు తిరిగొచ్చి కొడతాడనుకున్నారు. వాడు సాయంత్రానికి లారీ నిండా టమాటా కిరాయి దొరికించుకుని వచ్చి, కిందికి దిగి ఈయనకు నమస్కారం పెట్టి పోయాడట. ఆ కథ యూసుఫ్ సాబ్ నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ టమాటా గంపలు పెరుగుతూ వచ్చాయి.

ఆయనకు ఈ జబ్బు పత్తి మిల్లులో అంటుకుంది. ఆ షెడ్డు ఒకప్పుడు పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లు గోడౌను. మీసాలు రాకముందే అందులో బోరాలు దించే పనికి చేరిన యూసుఫ్ సాబ్, పాతికేళ్ళు నిండేసరికి పత్తి రకం తేల్చే మనిషి అయ్యాడు. రైతు బోరా విప్పగానే ఇంత పత్తి పీకి, రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీసి, పోగు పొడుగెంతో అక్కడికక్కడే చెప్పాలి. అటు రైతు నిలబడి ఉంటాడు, ఇటు సేటు కూర్చుని ఉంటాడు. వెనక ఇంకో పది బళ్ళు. అక్కడ తడబడినవాడిని ఎవరూ నమ్మరు. "తెల్దంటే నా నోట్లో మన్నే గదప్పా," అంటాడు ఆయన. అట్లా ముప్పై ఏళ్ళు ఏది అడిగినా టక్కున చెప్పీ చెప్పీ, మిల్లు మూతపడినా ఆ అలవాటు మాత్రం మూతపడలేదు. పత్తి దుమ్ముకు పట్టిన దగ్గు కూడా అట్లాగే మిగిలింది.

మిల్లు మూసేశాక గోడౌను చాలాకాలం ఖాళీగా పడి ఉంది. తర్వాత ఈ సంస్థ దాన్ని అద్దెకు తీసుకుంది. వాళ్ళ ప్రయోగశాల ఎమ్మిగనూరులో ఉంది గానీ, అక్కడ జంతువులకు చోటు చాలలేదు. అందుకని ఇక్కడ కుందేళ్ళు పెట్టారు. కాపలాకు మనిషి కావాలని వెతికేలోపే, వెనకవైపు గదిలో కాపురం ఉంటున్న యూసుఫ్ సాబ్ తాళాలు తీసుకుని వచ్చి నిలబడ్డాడు. కుందేళ్ళ సంగతి తెలుసా అని అడిగారట. ఈయన ఏం చెప్పి ఉంటాడో మీకు చెప్పనక్కర్లేదు.

నిజం చెప్పాలంటే, ఆయన పని నేర్చుకున్న తీరు చూసి నా కోపం తొందరలోనే కరిగిపోయింది. ఆదోని ఎండకు కుందేళ్ళు తాళలేవని గోనెసంచులు తడిపి కిటికీలకు కట్టేవాడు. గరిక కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టేవాడు. సూది వేసేటప్పుడు కుందేలును ఒళ్ళో పడుకోబెట్టుకుని చెవిలో ఏదో ఉర్దూలో చెబుతూ ఉంటే అది కదిలేది కాదు. ఏం చెబుతున్నావు సాబ్ అని అడిగితే, "డాక్టరుకు నీకంటే భయం ఎక్కువ అని సెప్తాండా," అన్నాడు.

ఆయన భార్య అమీనా బీది ఎమ్మిగనూరు, మగ్గాలవాళ్ళ ఇంటి పిల్ల. మొగుడు వాగే మనిషి కాబట్టి ఈమె మాట్లాడదనుకుంటే పొరపాటు. మొగుడు చెప్పిన ప్రతి మాటకూ పక్కనుంచి ఒక చిన్న దిద్దుబాటు వేస్తుంది, కూరలో ఉప్పు చూసి వేసినట్టు. ఇద్దరు కూతుళ్ళకూ పెళ్ళిళ్ళయ్యాయి, ఒకరు ఎమ్మిగనూరు, ఒకరు కోసిగి. వారానికొకసారి ఎవరో ఒకరు పిల్లలతో దిగుతూనే ఉంటారు. అమీనా బీ చేతి మెహందీ ఆ వీధిలో పేరుపడింది. ఏ పెళ్ళి జరిగినా పిలుపు వస్తుంది. ఆమెకు ఒక పంతం ఉంది. ఒకరికి వేసిన డిజైన్ ఇంకొకరికి వేయదు.

ఇక నందిని సంగతి. ఈ కుందేళ్ళన్నీ ఆమె కోసమే. మా ఊరి పిల్లే, టమాటా రైతుల బిడ్డ. నాన్నతో మార్కెట్‌కు పోయి గంపల మీద కూర్చుని చదువుకుని, ఎమ్మిగనూరు ప్రయోగశాలలో పరిశోధనకు చేరింది. ఆమె పని ఏమిటో నాకు అర్థం కావడానికే కొంత కాలం పట్టింది. కాబట్టి నాకు అర్థమైనంత వరకే చెబుతాను.

మధ్యాహ్నపు ఎండకు పత్తి ఆకు వాడుతుంది. ఆ వేడికి ఆకు లోపలి ప్రోటీన్లు మెలిపడి పాడైపోతాయి. అట్లా మెలిపడ్డవాటిని పట్టుకుని సరిచేసే ప్రోటీన్లు వేరే ఉంటాయి, వాటిని షాపెరోన్లు అంటారు. ఆ షాపెరోన్లు ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో చూసుకునే ప్రోటీన్ మరొకటి ఉంటుంది. నందిని వెంటపడింది ఈ చివరిదాని కోసం. ఏ పత్తి రకంలో అది దండిగా ఉంటే ఆ రకం మన ఎండలకు నిలబడుతుందేమోనని ఆమె ఆశ. కానీ అది ఆకులో ఎంతుందో కంటికి కనపడదు. దాన్ని మాత్రమే వెతికి పట్టుకునే యాంటీబాడీ కావాలి. అమ్మకానికి దొరికే యాంటీబాడీలు మనుషుల ప్రోటీన్లకో ఎలుకల ప్రోటీన్లకో పనికొస్తాయి గానీ, పత్తిదాన్ని గుర్తుపట్టలేవు. సొంతంగా తయారు చేసుకోక తప్పలేదు.

దానికి కుందేలు కావాలి. ఆ పత్తి ప్రోటీన్‌ను కొంచెం సూదితో కుందేలుకు ఇస్తే, దాని ఒంట్లో ఆ ప్రోటీన్‌ను గుర్తుపట్టే యాంటీబాడీ పుడుతుంది. కొన్ని వారాలకోసారి మళ్ళీ మళ్ళీ ఇస్తే బలపడుతుంది. ఆ తర్వాత చెవి నరం నుంచి కాస్త రక్తం తీసుకుంటే చాలు, కుందేలుకు ప్రాణభయమేమీ ఉండదు.

ఇదంతా నందిని చెప్పినప్పుడు యూసుఫ్ సాబ్ గడ్డం నిమురుకుంటూ విన్నాడు.

"ఓస్, ఇంతేనా బేటీ. ఆకు ఒగ జిన్ను మిల్లు. షాపెరోన్లు కూలోళ్ళు. వాళ్ళ మీద ఒగ మేస్త్రీ. నీకి ఆ మేస్త్రీ కావల్ల."

"అంతే తాతా," అంది నందిని నవ్వుతూ.

"మేస్త్రీని పట్టిచ్చేది మా కుందేలు పని. మా కుందేలుకు పత్తి బాగ తెలుసు."

"నీకు తెలిసినంతనా?" అంది వెనకనుంచి అమీనా బీ.

అప్పటి నుంచి మా నలుగురి మధ్య ఆ ప్రోటీన్ పేరు మేస్త్రీయే. అసలు పేరు నందిని కాగితాల్లో మాత్రమే ఉండిపోయింది.

ఆ మేస్త్రీ ప్రోటీన్‌ను శుద్ధిగా తయారు చేసుకోవడానికి నందినికి రెండేళ్ళు పట్టింది. అంతా చేస్తే వచ్చింది చిటికెడు. ఒక్క కుందేలుకు, నాలుగు విడతల సూదులకు మాత్రమే సరిపోతుంది. మిగతా రెండు కుందేళ్ళకు పోలిక కోసం ప్రోటీన్ లేని ఉత్త మందు ఇచ్చేవాళ్ళం. మూడూ ఒక తల్లి పిల్లలే, ఆడవే. తెల్లటి ఒళ్ళు, ఎర్రటి కళ్ళు, ఒకటే బరువు. తేడా తెలియడానికి చెవి లోపల నల్ల మార్కర్ పెన్నుతో చుక్కలు పెట్టాం. ఒకదానికి ఒక చుక్క, ఒకదానికి రెండు, ఒకదానికి మూడు. రెండు చుక్కలది అసలుది. చుక్కలు చెరిగిపోతాయి కాబట్టి వారానికోసారి మళ్ళీ దిద్దడం యూసుఫ్ సాబ్ పని. మూడు విడతలు సవ్యంగా జరిగాయి. నాలుగోది, చివరిది, రంజాన్ మరునాటికి పడింది. అప్పటిదాకా పుట్టిన యాంటీబాడీ పలుచనిది, నమ్మకంగా వాడుకోలేనిది. ఈ చివరి సూదితోనే అది పనికొచ్చే బలానికి వస్తుంది.

ఆ రోజు నందిని ఎమ్మిగనూరు నుంచి, నేను పత్తికొండ నుంచి ఆదోని చేరాం. ఆమె చేతిలో ఐసు డబ్బా, అందులో చివరి సూది మందు, కలిపి సిద్ధంగా ఉంది. ఇక ప్రయోగశాలలో ఆ ప్రోటీన్ చుక్క కూడా లేదు. కలిపాక అది మరునాటి సాయంత్రం దాకా నిలుస్తుంది, ఆ తర్వాత నమ్మకం లేదని దారిలోనే చెప్పింది. పండగ ఇల్లు కదా, ముందు పాలు, సేమ్యాల షీర్ ఖుర్మా తాగితే గానీ అమీనా బీ కదలనివ్వలేదు. నేను రెండు గిన్నెలు తాగాను, మూడోదానికి మొహమాటపడ్డాను. తర్వాత షెడ్డులోకి పోయాం.

కుందేళ్ళ బోన్లు కడిగి, తళతళా మెరుస్తున్నాయి. కుందేళ్ళు ఇంకా మెరుస్తున్నాయి. మూడింటి చెవుల్లోనూ ఎర్రగా మెహందీ పండి ఉంది.

నందిని ఒకదాని చెవి తిప్పి చూసింది. చుక్కలు లేవు. ఇంకోదాని చెవి చూసింది. లేవు. మూడోదాని చెవి చూసి, చెక్క స్టూలు మీద కూర్చుండిపోయింది.

"ఎట్లుండాయి?" అని మురిపెంగా అడిగింది అమీనా బీ.

జరిగింది ఇది. నెలవంక కనపడిన సాయంత్రం ఇంట్లో ఆడది అనేది ఏదీ ఒట్టి చేతులతో ఉండకూడదని అమీనా బీ నియమం. మేకకు నుదుట చుక్క పెడుతుంది, కోడిపెట్టకు కాలిగోళ్ళకు పూస్తుంది. ఆ ఏడు కూతుళ్ళిద్దరూ అత్తగారిళ్ళలో పండగ చేసుకున్నారు. మెహందీ కోన్లు మిగిలిపోయాయి. షెడ్డులో మూడు ఆడ ప్రాణాలు చెవులు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాయి. ఇంకేముంది. రంగు బాగా పట్టాలని ముందుగా నీలగిరి తైలంతో చెవులు తుడిచింది. మార్కర్ చుక్కలు పోవడానికి అంతకంటే మంచి మందు లేదు. ఆ సమయానికి యూసుఫ్ సాబ్ పండగ శుభ్రం పేరుతో బోన్లన్నీ బయటేసి కడుగుతూ, మూడు కుందేళ్ళనూ ఒకటే గంపలో పెట్టి ఉన్నాడు. మొగుడూ పెళ్ళాలు చెరి సగం చేసి, రెండేళ్ళ పనిని గంపలో కలిపేశారు.

నాకు తిట్టాలనిపించింది. కానీ కడుపులో ఆమె చేసిన ఖుర్మా ఉంది. వీపుల మీద సూది పడిన గుర్తులు వెతికాను. మూడింటికీ ఏదో ఒక మందు పడింది కాబట్టి మూడింటికీ చిన్న చిన్న గడ్డలు ఉన్నాయి. తూకం వేశాను. అక్కాచెల్లెళ్ళు ఒకటే తూగారు. నా చదువు అంతటితో అయిపోయింది.

"దీనికి ఇంత రంది ఎందుకు?" అన్నాడు యూసుఫ్ సాబ్. వంగి మూడింటినీ ఒకసారి చూసి, మధ్యదాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇదే. రెండు సుక్కలది ఇదే. నేను సాకిన బిడ్డను నేను గుర్తుపట్టనా?"

దాని చెవిలో పువ్వు ఉంది. మిగతా రెండింటిలో ఒకదానికి మామిడిపిందె, ఒకదానికి నెలవంక.

నందిని ఆయన మొహంలోకి చూసింది. "నిజంగా ఇదేనా తాతా?"

"నూటికి నూరుపాళ్ళు."

ఆయన గొంతులో జిన్ను మిల్లు రోజుల ధీమా ఉంది. రైతు ముందు పత్తి పీకి సాగదీసే ధీమా. ఆ పిల్ల నమ్మేసింది. నేనూ నమ్మాను. రోజూ మేపే మనిషి కంటే మనకేం తెలుస్తుంది అనుకున్నాను. మందు సిరంజిలోకి ఎక్కించాను. యూసుఫ్ సాబ్ పువ్వు చెవి కుందేలును ఒళ్ళో సర్దుకున్నాడు. దాని వీపు మీద వెంట్రుకలు పాయదీసి స్పిరిట్ పూశాను. నందిని ఖాళీ అయిన ఐసు డబ్బా పట్టుకుని నిలబడింది.

అప్పుడు గమనించాను. యూసుఫ్ సాబ్ కుందేలు చెవిలో ఏమీ చెప్పడం లేదు. పెదవులు కదలడం లేదు. నందిని చేతిలోని ఖాళీ ఐసు డబ్బా వైపు చూస్తున్నాడు.

"ఆగు డాక్టరప్పా," అన్నాడు.

ఆగాను.

ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. రెండుసార్లు దగ్గాడు. అది దుమ్ము దగ్గు కాదు. "నాకి తెల్దు," అన్నాడు. "ఏది ఏదో నాకి తెల్దు బేటీ. ఉత్తదే సెప్పినా."

ఖుర్మా గిన్నె దగ్గరికి పోయి వచ్చి వాకిట్లో నిలబడ్డ అమీనా బీ చేతిలోంచి గరిటె జారి పడింది. 

"యా అల్లా," అంది ఆమె లోపలికి వచ్చి. "పెండ్లయిన కాన్నుంచి ఈ మాట నేను యినలే. నీకి జరం వచ్చిందా ఏమి?" అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

ఆయన తల దించుకునే ఉన్నాడు. అంత సన్నగా, అంత చిన్నగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. నందిని వచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "బతికించినావు తాతా," అంది. ఆ మాట విన్నాక నాకే కళ్ళు చెమ్మగిల్లాయి. సిరంజికి మూత పెట్టి, ఇంకో వైపు తిరిగి నిలబడ్డాను.

కాసేపటికి నందిని బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. కుందేలు మేస్త్రీని పట్టిచ్చేదే అయితే, తన్ను తాను కూడా పట్టిచ్చుకుంటుంది కదా అంది. ఇప్పటికే మూడు సూదులు పడ్డాయి కాబట్టి అసలు కుందేలు రక్తంలో పలుచగానైనా యాంటీబాడీ ఉండాలి. మూడింటి నుంచీ కొంచెం కొంచెం రక్తం తీసి, ఎమ్మిగనూరు తీసుకుపోయి, పత్తి ఆకు రసం మీద పరీక్ష పెడితే, ఏది ఆకులోని మేస్త్రీని గుర్తుపడుతుందో అదే మనది. రేపు మధ్యాహ్నానికి తేలిపోతుంది, రేపు సాయంత్రం లోపల సూది వేసేయొచ్చు. సూది మందు ఆదోనిలోనే ఫ్రిజ్‌లో ఉంచి, నేను కాపలా ఉండాలని నిర్ణయం.

"మరి ఏ రక్తం ఏ కుందేలుదో ఎట్లా గుర్తు? మళ్ళీ చుక్కలా?" అన్నాను, కొంచెం ఎగతాళిగానే.

అమీనా బీ నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. "కండ్లు లేవా డాక్టరప్పా? ఒగదానికి ఏసింది ఇంగోదానికి ఏసినానా నేను?"

నిజమే. మూడు చెవులు, మూడు డిజైన్లు. అంత గొడవలో మేం ఎవరం ఆ సంగతి పట్టించుకోలేదు. పైగా మెహందీ వారానికే చెరిగిపోయేది కాదు. నేను రక్తం తీస్తుంటే నందిని ఆ మూడు ట్యూబుల మీద పెన్నుతో ఒక పువ్వు, ఒక పిందె, ఒక నెలవంక గీసింది. ఆమె గీసిన పిందె వంకాయలాగా ఉందని అమీనా బీ దిద్దించింది.

"తప్పు జేసినోన్ని నేను. డబ్బా నేనే మోస్తా," అని యూసుఫ్ సాబ్ కూడా ఎమ్మిగనూరు బస్సెక్కాడు. దారిపొడుగునా డబ్బాను ఒళ్ళోంచి దించలేదట. పక్క సీటు ఆయన ఈ బస్సు కోటేకల్లులో ఆగుతుందా అని అడిగితే, యూసుఫ్ సాబ్ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, "కండక్టరును అడుగప్పా," అన్నాడట. నందిని కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుందని తర్వాత చెప్పింది.

మరునాడు పొద్దున అమీనా బీ నాకు బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టింది. ఇద్దరమూ ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. ఆమె పైకి ధైర్యంగానే ఉంది గానీ, ఎంతకీ ఆ నీలగిరి తైలం సీసా మాటే తెస్తోంది. "ఆ పిల్ల రెండేండ్ల కష్టం. నా సేతుల్తో తుడిసినా," అంది ఒకసారి.  ఎండ నడినెత్తికి వచ్చింది. ఆమె లేచి గోనెసంచులు తడిపి వచ్చింది. నేను లేచి ఫ్రిజ్ తెరిచి సిరంజి ఉన్నచోటే ఉందో లేదో చూసి వచ్చాను. ఆ పని ఎన్నిసార్లు చేశానో నాకే సిగ్గుగా ఉంది.

అక్కడ ఎమ్మిగనూరులో జరిగింది యూసుఫ్ సాబ్ తర్వాత తన పద్ధతిలో చెప్పాడు. ఆకు రసాన్ని జెల్లులో నడిపించి, కాగితంలాంటి దాని మీదికి దింపి, దాన్ని మూడు పట్టీలుగా కోసి, ముందు పాలపొడి కలిపిన నీళ్ళలో నానబెట్టారట.

"సక్కెర ఏసినారా?" అని అడిగింది అమీనా బీ.

"లేదు. సప్పిటి పాలు."

ఆ తర్వాత ఒక్కో పట్టీని ఒక్కో కుందేలు రక్తం నుంచి తీసిన తేట నీళ్ళలో వేసి, కడిగి, మళ్ళీ కడిగి, రంగు మందు పోశారు. మూడు గిన్నెలు వరసగా. పువ్వు, పిందె, నెలవంక. యూసుఫ్ సాబ్ పువ్వు గిన్నె ముందే నిలబడ్డాడట. ఎంతసేపు చూసినా పువ్వు పట్టీ తెల్లగానే ఉంది. పిందె పట్టీ తెల్లగానే ఉంది. నెలవంక పట్టీ మీద, ఎక్కడ రావాలో సరిగ్గా అక్కడ, సన్నగా ఒక గీత తేలింది. మెహందీ పండినట్టు గోధుమ ఎరుపు.

ఫోను మోగింది. నందిని మాట్లాడుతుందనుకున్నాను. యూసుఫ్ సాబ్ గొంతు, ఊపిరి అందకుండా ఉంది.

"డాక్టరప్పా, చాంద్‌కు ఎయ్యి. నెలవంకది. పువ్వుది కాదు, యింటాండావా, నేను సూపించింది కాదు. చాంద్‌కు ఎయ్యి."

అమీనా బీ నెలవంక చెవి కుందేలును ఒళ్ళో పెట్టుకుంది. మొగుడి లాగే దాని చెవిలో ఏదో చెప్పింది. నేను సూది వేశాను.  సిరంజి ఖాళీ అయ్యాక ఆమె కుందేలును ముద్దు పెట్టుకుని, ఆ వెంటనే లేచి వెళ్ళి నిన్నటి షీర్ ఖుర్మా మిగిలింది తెచ్చింది. ఈసారి మొహమాటపడలేదు.

ఆ యాంటీబాడీ బాగా వచ్చింది. ఆ ఎండాకాలమే నందిని మిట్టమధ్యాహ్నం పొలాల్లో తిరిగి, వాడిన ఆకు, వాడని ఆకు కోసుకొచ్చి చూసింది. కొన్ని రకాల్లో గీత లావుగా, కొన్నింట్లో ఉందా లేదా అన్నట్టు. ఇంకా చూడాల్సింది చాలా ఉందంటుంది, గట్టిగా ఏదీ చెప్పదు. తెలియనిది తెలీదని చెప్పడం ఆ పిల్లకు మొదటి నుంచీ అలవాటే. ఎమ్మిగనూరు ఫ్రిజ్‌లో ఆ యాంటీబాడీ ట్యూబుల మీద అసలు పేరు పక్కన ఇప్పటికీ చిన్న నెలవంక గీసి ఉంటుంది.

షెడ్డులో మార్కర్ పెన్ను వాడడం మానేశాం. కొత్త కుందేళ్ళు వస్తే అమీనా బీని పిలుస్తాం. ఆమె ఏ రెండింటికీ ఒకటే డిజైన్ వేయదు, రంగు వెలిస్తే దేనిది దానికే మళ్ళీ దిద్దుతుంది. నందిని వాటిని ఫోటో తీసి పెట్టుకుంటుంది. ఆ మూడు అక్కాచెల్లెళ్ళు సూదుల పని అయిపోయి, అక్కడే గరిక తింటూ లావెక్కుతున్నాయి.

ఇప్పుడు షెడ్డు చూడడానికి కాలేజీ పిల్లలు, రైతులు వస్తుంటారు. పత్తి మేస్త్రీని పట్టిచ్చిన కుందేలు ఏదని అడుగుతారు. యూసుఫ్ సాబ్ గొంతు సవరించుకుంటాడు. ముందుగా పువ్వు చెవి కుందేలును ఎత్తి అందరికీ చూపిస్తాడు.

"ఇది నేను సూపించింది," అంటాడు. దాన్ని కింద పెట్టి, నెలవంక చెవిదాన్ని ఎత్తుతాడు. "ఇది నిజంది."

పక్కనుంచి అమీనా బీ ఏమీ దిద్దదు.